అత్తయ్య ముఖం మీద వెలుగు

మొన్న గుడివాడలో ఒక పెళ్ళికి వెళ్తే, మా తమ్ముడి మనవరాలు తన ఫోనుతో నన్నొక ఫొటో తీసి చూపించింది. అందులో ఉన్న పెద్దమనిషి ఎవరో నాకు తెలియలేదు. నా చొక్కా వేసుకున్నాడు, నా కళ్ళజోడు పెట్టుకున్నాడు, ముఖం మాత్రం అప్పుడే పెంకు ఒలిచిన గుడ్డులా ఉంది. ముడతలు లేవు, ముక్కు పక్కన నీడ లేదు, పుట్టినప్పటి నుంచీ నాతో ఉన్న రంగు అసలే లేదు. ఇదేంటమ్మా అంటే, ఫోను దానంతటదే అలా చేసేస్తుంది తాతయ్యా అంది. ఆ చేసేదాన్ని ఆపమన్నాను. ఆ పిల్లకి చేతకాలేదు, పక్కనున్న పిల్లలకీ చేతకాలేదు. చివరికి పెళ్ళి ఫొటోలు తీయడానికి వచ్చిన కుర్రాడు తొంగిచూసి, "ఎందుకండీ ఆపడం? బాగానే వచ్చారుగా" అని వెళ్ళిపోయాడు. ఆ మాట విన్నాక పంక్తిలో కూర్చున్నా నాకు కోపం దిగలేదు. గుత్తివంకాయ వడ్డించే అతను వేయనా వద్దా అని రెండుసార్లు అడిగాడట, నాకు వినపడలేదు. బందరులో ఇన్నేళ్ళు ఫొటో స్టూడియో నడిపి మూసేసినవాణ్ణి నేను. "బాగానే వచ్చారుగా" అనే మాటతో నాకున్న గొడవ ఈనాటిది కాదు. ఆ గొడవకి మూలం మా మేనత్త.

మేనత్త అంటే మా నాన్నకి అక్క. దివిసీమలో, అవనిగడ్డ దాటి కోడూరు వైపు వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊళ్ళో హైస్కూలు టీచరు. లెక్కలు చెప్పేది. మా తాత ఊరి బయట మా పాలెంలో ఆదివారం ప్రార్థన నడిపేవాడు. ఆయన పట్టుపట్టి కూతుర్ని బందరు హాస్టల్లో ఉంచి చదివించాడు. అత్తయ్య పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. గంజి పెట్టిన తెల్ల నేతచీర, వేలెడు అంచు, చేతికి గడియారం, అంతే ఆవిడ అలంకారం. మనిషి నలుపు. మా వంశంలో అందరం నలుపే గాని ఆవిడది ఇంకో రకం, కడిగి పళ్ళెంలో పెట్టిన నేరేడుపండు నలుపు. బుగ్గ ఎముకలు ఎత్తుగా ఉండేవి. నవ్వితే ముఖమంతా కదిలేది. అంత మంచి ముఖానికి ఆవిడ దగ్గర ఒక్క మంచి ఫొటో లేదు. ఏటా పదో తరగతి పిల్లలతో తీసే గ్రూపు ఫొటోల్లో ఒక తెల్లచీర, దాని పైన రెండు కళ్ళు మాత్రం కనిపించేవి. "ఇందులో నేనెక్కడున్నానో చెప్పుకోండి చూద్దాం" అని ఇంటికొచ్చిన వాళ్ళకి ఆవిడే చూపించి నవ్వేది. మొదట్లో నేనూ నవ్వేవాణ్ణి. స్టూడియో పెట్టాక నవ్వడం మానేశాను.

నా స్టూడియో కోనేరు సెంటరుకి కాస్త అవతల ఒక సందులో, మేడ మీద ఉండేది. మెట్లెక్కగానే అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. లోపల కొండలూ హంసలూ ఉన్న తెర, దాని ముందు స్టూలు, స్టూలుకి రెండు పక్కలా గొడుగులు బిగించిన ఫ్లాష్ లైట్లు. ఎండకీ వానకీ పనికిరాని ఆ తెల్ల గొడుగులు మా వృత్తికి ప్రాణం. ఫ్లాష్ వెలుగు గొడుగులో పడి, మెత్తబడి ముఖం మీదికి వస్తుంది. పని నేర్చుకున్నది గుడివాడలో. మా గురువుగారు చెప్పిన సూత్రం ఒక్కటే: రెండు గొడుగులూ సమాన దూరంలో ఉండాలి, ముఖం మీద నీడ అనేది పడకూడదు. నాకు నీడంటే ఇష్టం. ఒక గొడుగు కాస్త వెనక్కి జరిపితే ముక్కుకి అంచు వస్తుంది, గడ్డం మెడ నుంచి విడిపోతుంది, మనిషి కాగితం మీద నుంచి లేచి వస్తాడు. అలా తీసిచ్చిన వాళ్ళందరూ ఫొటో పట్టుకుని మళ్ళీ మెట్లెక్కేవారు. "ఈ పక్క నల్లగా ఏదో పడిందండీ, తుడిచేసి ఇవ్వండి." నీడని ఎలా తుడుస్తారు? గురువుగారితో చెప్పుకుంటే, "ఒరే, నీడ నీకు అందం, వాళ్ళకి మచ్చ. గొడుగు ముందుకి జరుపు" అన్నారు. జరిపాను. అలా కొన్నేళ్ళపాటు బందరు జనాభాలో సగం మందిని ఇడ్లీల్లా తీసి పంపించాను.

తొంభైల చివర్లో అత్తయ్య హెడ్మిస్ట్రెస్ అయింది, ఆ వెంటనే రిటైరవడానికీ దగ్గరపడింది. వాళ్ళ బడి హాల్లో గోడ పొడుగునా పాత హెడ్మాస్టర్ల ఫొటోలు ఫ్రేములు కట్టి ఉండేవి. అందరూ మగవాళ్ళే, అందరూ ఊళ్ళోని పెద్ద కుటుంబాల వాళ్ళు. పాలెం నుంచి వెళ్ళిన మనిషి, అందులోనూ ఆడమనిషి, ఆ గోడెక్కడం అదే మొదలు. స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి, వీడ్కోలు సభలో తెర తీయిస్తాం, మంచి ఫొటో ఒకటి ఇవ్వండి మేడం గారూ అని అడిగారట. అత్తయ్య పొద్దున్నే అవనిగడ్డలో బస్సెక్కి, చల్లపల్లి మీదుగా బందరు వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. "ఏరా, ఈసారైనా నేను కనపడాలి. అందంగా అక్కర్లేదు. కనపడితే చాలు" అంది. అంత మామూలుగా అడిగిన పని ఏ కస్టమరూ నాకెప్పుడూ చెప్పలేదు. అదే నా చేత కాలేదు.

మొదటిసారి అద్దం ముందు నిలబడి అలవాటుగా కాస్త పౌడరు రాసుకుంది. ఫ్లాష్ వెలుగులో ఆ పౌడరు పైకి తేలి, ఫొటోలో ముఖం విభూతి పూసినట్టు వచ్చింది. రెండోసారి పౌడరు కడిగించి తీశాను, బొగ్గులా వచ్చింది. కెమెరాలో వెలుగు కొలిచే ముల్లుకి ఇది చీర, ఇది ముఖం అని తెలియదు. అది తెల్లచీరని చూసి బెదిరిపోయి వెలుగు తగ్గించమంటుంది, తగ్గిస్తే ముఖం మాయమవుతుంది. ముఖాన్ని చూసి పెంచితే చీర సున్నం కొట్టిన గోడవుతుంది. సరే, ఆ రెండింటికీ మధ్య ఎక్కడో కుదిర్చి తీసి, రీలు గుడివాడ కలర్ ల్యాబుకి పంపాను. ప్రింటు వచ్చింది. అందులో మా అత్తయ్య లేదు. లేత గోధుమరంగులో, జబ్బు చేసి లేచినట్టున్న వేరే ఆవిడెవరో ఉంది.

ఒళ్ళు మండిపోయి మర్నాడు ప్యాసింజరు రైలెక్కాను. గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలంతా దిగేవరకూ ఒంటికాలి మీద నిలబడి, గుడివాడ వెళ్ళి ల్యాబులో మెషిను దగ్గర కూర్చున్నాను. ఆపరేటరు మంచివాడే. ముఖం రంగు ఇలా ఉండాలని మెషినుకి ఒక అలవాటు ఉందండీ, అది రాకపోతే పొరపాటు జరిగిందనుకుని సరిచేస్తుంది అన్నాడు. ఆ సరిచేయడం ఆపి, బొత్తాలు నొక్కుతూ నేను చెప్పినట్టల్లా వేశాడు. చివరికి ఒక ప్రింటు దాదాపుగా ఆవిడలా వచ్చింది. అది ఆరేలోపు ఓనరు గారొచ్చి చూశారు. డార్కుగా వచ్చిందే, మళ్ళీ వెయ్ అన్నారు ఆపరేటరుతో. నేను అడ్డం పడి, ఆవిడ రంగే అదండీ, మీ మెషిను తెల్లగా చేస్తోందని వచ్చాను అన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మొహం తెల్లగా వచ్చిందని గొడవకొచ్చినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడండి. మీరే మొదలు" అన్నారు. ఆయన కోప్పడలేదు, నిజంగా ఆశ్చర్యపడ్డారు. అది నాకు మరీ మంటగా ఉంది. ఆ దాదాపు ప్రింటు తీసుకొచ్చి పగటి వెలుతురులో చూస్తే, ముఖం ఉంది గాని ప్రాణం లేదు. రెండు గొడుగుల సమానమైన వెలుగులో బుగ్గ ఎముకలన్నీ నేలమట్టమై, చదునైన నల్లకాగితం మీద కళ్ళు అతికించినట్టుంది. తప్పంతా ల్యాబు మీద తోసేద్దామనుకున్నాను, ఆ సుఖం కూడా లేకపోయింది.

బయట తీద్దాం అత్తయ్యా, సూర్యుడికి మెషిను లేదు కదా అని ఒక సెలవురోజు సాయంత్రం మంగినపూడి సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఆటోలో కెమెరా, స్టాండు, వెండికాగితం అంటించిన పెద్ద అట్ట. సూర్యుడు ఆవిడ వెనక ఉండేలా నిలబెట్టి, ముందు నుంచి అట్టతో వెలుగు ముఖం మీదికి మళ్ళించాలని నా పథకం. గాలికి చీర ఒకవైపు, అట్ట ఇంకోవైపు లాగుతున్నాయి. వలలు ఆరేసుకుంటున్న అతన్ని బతిమాలి అట్ట పట్టించాను. పాపం ఆయన గాలికి ఆగలేక కిందికి కూర్చుని పట్టుకున్నాడు. వెలుగు కింది నుంచి కొట్టి, గడ్డం, ముక్కు రంధ్రాలు, కనుబొమలు తప్ప ఏమీ కనపడలేదు. నాటకంలో రాక్షసి ప్రవేశం అచ్చం అలాగే ఉంటుంది. పైకెత్తండి అని నేను అరుస్తుంటే చుట్టూ జనం చేరి తలా ఒక సలహా చెప్పడం మొదలెట్టారు. చేపలబుట్ట పక్కన కూర్చున్న ముసలామె మాత్రం, "అద్దమట్టుకుని మొహాన కొడతావుంటే కళ్ళు మూసుకోక ఏం చేస్తది అయ్యా?" అంది. ఆ మాట నిజం. ఆ రీలంతటిలో అత్తయ్య కళ్ళు తెరిచిన ఫొటో ఒక్కటీ లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ చీరకి అంటిన ఇసుక దులుపుకుంటూ కూర్చుంది. తరవాత నెమ్మదిగా, "ఇంత ఎండ, ఇంత సముద్రం పెట్టుకుని నా ఒక్క మొహానికి వెలుగు చాలలేదట్రా?" అంది. ఆవిడ గొంతులో నవ్వు వెతికాను. లేదు.

వీడ్కోలు సభ వారంలోకి వచ్చేసింది. ఆఖరి ప్రయత్నంగా గొడుగులు, లైట్లు, స్టాండ్లు అన్నీ మూటగట్టి బస్సు మీద వేసుకుని వాళ్ళ బడికే వెళ్ళాను. కండక్టరు ఆ మూటకి కూడా టిక్కెట్టు కొట్టాడు. స్టాఫు రూములో లైట్లు బిగించి, అటు జరిపి ఇటు జరిపి, సరిగ్గా మొదలుపెట్టబోయేసరికి కరెంటు పోయింది. ఎప్పుడొస్తుందంటే, మధ్యాహ్నం దాకా రాదన్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. కుర్చీలో కూలబడ్డాను. ఏం చేస్తాంరా, కాసేపు కూర్చో అని అత్తయ్య వెళ్ళి గుమ్మం పక్కన నిలబడి, వరండాలో వెళ్ళే పిల్లల్ని చూస్తోంది. అప్పుడు చూశాను. పొద్దుటి ఎండ వరండా నేల మీద పడి, అక్కణ్ణుంచి ఆ పెద్ద గుమ్మంలోంచి మెత్తగా లోపలికి వస్తోంది. ఒకే పక్క నుంచి. ఆ వెలుగు ఆవిడ నుదుటి మీద, బుగ్గ ఎముక మీద, ముక్కు అంచున సన్నగా మెరుస్తోంది. రెండో పక్క గది చీకట్లో కలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఆ ముఖానికి ఇంకా వెలుగు, ఇంకా వెలుగు అని కుమ్మరించానే గాని, ఎటు నుంచి అని అడగలేదు. నల్లని చర్మం మెరుపుతో రూపం చెప్తుంది. ఆ మెరుపు నిలవాలంటే పక్కన చీకటి ఉండాలి. నా గొడుగులు చేసిందల్లా ఆ చీకటిని తరిమేయడమే.

లేచి ఎదురుగా ఉన్న కిటికీ మూసేశాను. హాల్‌టికెట్ ఫొటోల కోసం రెండో కెమెరాలో వేసుకున్న బ్లాక్ అండ్ వైట్ రీలు ఉంది. దాన్ని ఏ ల్యాబుకీ పంపనక్కర్లేదు, నా చీకటి గదిలో నేనే కడుక్కుంటాను. ముల్లుకి చీర చూపించకుండా బుగ్గ దగ్గరికి వెళ్ళి వెలుగు కొలిచి, అది చెప్పినదానికి కాస్త తగ్గించి, కెమెరా స్టాండు మీద పెట్టి, కదలకు అత్తయ్యా అన్నాను. కదల్లేదు. వరండాలో ఎవరో పరిగెడుతున్న చప్పుడైంది. ఆవిడ అటు చూసి, ఏదో అనబోయి పెదవి విప్పింది. నొక్కాను.

ఆ ప్రింటు నా చేత్తో నేను వేసి, పట్టుకెళ్ళి ఇచ్చాను. అత్తయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "ఈవిడ నాకు తెలుసు" అంది. ఈ పక్క చీకటి ఎందుకుంచావని అడిగింది. అది ఉంటేనే ఇటుపక్క కనిపిస్తుంది అన్నాను. ఊఁ అని తలూపింది.

కథ ఇక్కడితో ఆగితే నాకు ఈ వయసులో పెళ్ళిభోజనాల దగ్గర కోపం రావలసిన పని లేదు. ఆ ఫొటో ప్రెసిడెంటు గారికి నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు, అత్తయ్యంటే గౌరవం కూడా. ఆయన పిల్లలు ఆవిడ దగ్గరే చదువుకున్నారు. ఫొటో చూసి ఇబ్బందిగా, "బ్లాక్ అండ్ వైట్ అంటే పోయినవాళ్ళకి కదండీ. పైగా సగం మొహం చీకట్లో ఉంది. మేడం గారికి మనం చేసే మర్యాద ఇదేనా?" అన్నారు. నేను వెలుగు గురించి, నీడ గురించి చెప్పబోయాను. మా ఊరి కల్లంలో నిలబడి ఇంగ్లీషులో మాట్లాడినట్టుంది నాకే. ఆయన విన్నారు, సరే చూద్దామన్నారు.

సభ రోజు హాలంతా జనం. అత్తయ్య కొత్తది కట్టలేదు, అదే తెల్లచీర. ప్రెసిడెంటు గారు తెర లాగారు. బెజవాడలో కంప్యూటరు మీద చేయించిన నిలువెత్తు రంగుల ఫొటో. ఏ గ్రూపు ఫొటోలోంచి తీశారో, అత్తయ్య ముఖాన్ని గులాబిరంగులోకి తేల్చారు. పెదాలకి ఎరుపు, వెనకాల నీలంమబ్బులు. జనం చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారి ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. నేను వెనక వరసలో కూర్చుని నా మోకాళ్ళు చూసుకున్నాను.

అత్తయ్య మాట్లాడటానికి లేచింది. కమిటీకి, తోటి టీచర్లకి, పిల్లలకి పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. తరవాత, పాఠం చెప్పే గొంతుతోనే, "ఇందాక తెర తీసిన ఫొటోలో ఉన్నావిడ ఎవరో నాకు తెలియదు. ఆవిడ ఈ బడిలో పనిచేసినట్టు నాకు గుర్తు లేదు. నేను పనిచేశాను. అది మీరంతా చూశారు" అని కూర్చుంది. ముందు వరసలో పిల్లలు కిసుక్కున నవ్వి, పెద్దవాళ్ళెవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయారు. ప్రెసిడెంటు గారికి కష్టం వేసింది. ఎంతో ఖర్చుపెట్టి చేయిస్తే ఇలా అన్నారేంటని తరవాత నాతోనే వాపోయారు. ఆ ఫొటో మాత్రం గోడ మీదే ఉంది.

ఆ తరవాత కొన్నేళ్ళు నేను ఆ బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చినప్పుడల్లా వెళ్ళి, నా ప్రింటు ఉచితంగా ఫ్రేము కట్టించి ఇస్తాను, అది మార్చండి అని అడుగుతూనే ఉన్నాను. అందరూ టీ ఇచ్చారు. అందరూ చూద్దామండీ అన్నారు. ఒకాయన, ఇది కలర్లో దొరకదా అన్నారు. అత్తయ్యకి తెలిసి, "వదిలెయ్‌రా. వాళ్ళకి కావలసింది వాళ్ళు తగిలించుకున్నారు. నాకు కావలసింది నా దగ్గరుంది" అంది. ఆవిడ వదిలేసింది. నావల్ల కాలేదు. అప్పటికి స్టూడియోలో గొడుగులు మళ్ళీ సమానంగా సర్దుకుని ఇడ్లీలు తీస్తున్నాను. గుమ్మం వెలుగు చూసొచ్చినవాడికి ఆ పని చేయడం ఎంత చిరాకో ఎవరికి చెప్పుకోను?

రెండువేల దశకం మధ్యలో అత్తయ్య పోయింది. చర్చిలో పెట్టడానికి నా ప్రింటు నేనే పట్టుకెళ్ళాను. వెళ్ళేసరికి గేటు దగ్గర మా బంధువుల పిల్లలు పెద్ద ఫ్లెక్సీ కట్టేశారు. మళ్ళీ అదే గులాబిరంగు ముఖం, ఈసారి మబ్బుల్లో పావురాలు కూడా. నోరెత్తే సందర్భం కాదు. లోపల బల్ల మీద, పూల పక్కన, నా చిన్న ప్రింటు నిలబెట్టి ఓ మూల కూర్చున్నాను. పాత విద్యార్థులు వస్తున్నారు, పోతున్నారు. చాలామంది ఫ్లెక్సీ దగ్గరే దణ్ణం పెట్టి లోపలికొచ్చారు. కాస్త తలనెరిసిన ఒకావిడ మాత్రం బల్ల ముందు ఆగి, వంగి, ఆ ప్రింటుని చూస్తూ ఉండిపోయింది. తరవాత నా వైపు తిరిగి, నేనెవరో తెలియకుండానే, "మేడం గారు మమ్మల్ని పేరు పెట్టి పిలవబోయే ముందు ఇలాగే ఉండేవారండీ" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాక, నేను లేచి ఆ ప్రింటుని కిటికీ వెలుగు తగిలేలా కొంచెం పక్కకి జరిపాను.

ఇప్పుడా ప్రింటు మా ఇంట్లో ఉంది. చూసినవాళ్ళు, ఇది కాస్త బ్రైటు చేయించకూడదా అని ఇప్పటికీ అడుగుతారు. ఇప్పటికీ నేను వివరిస్తాను, ఇప్పటికీ వాళ్ళు సరే అంటారు. ఆ పొద్దున గుమ్మం దగ్గర నేను పట్టుకున్నది సెకనులో ఏ పదిహేనో వంతో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టుగా ఉండనివ్వమని చెప్పుకోవడానికే తక్కిన కాలమంతా ఖర్చయిపోయింది, అదీ చాలేట్టు లేదు.